ముసురు పట్టినప్పుడు కొండదోవన పరుగెత్తడం ఎలా

తిరుపతిలో ఉండేవాళ్లకి వాతావరణం చెప్పే మొదటి పరికరం కిటికీ. పొద్దున్నే తెరిస్తే ఎదురుగా కొండ ఉండాలి. ఏడాదిలో తొమ్మిది నెలలు ఉంటుంది. కార్తీకం వచ్చాక కొన్ని పొద్దుల్లో ఉండదు. నిన్నటిదాకా గోడలా నిలబడిన కొండని రాత్రికి రాత్రి ఎవరో ఎత్తుకుపోయినట్టు, దాని చోట బూడిదరంగు ఆకాశం ఒక్కటే ఉంటుంది.

మన వైపు గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మూడు నాలుగు రోజులు ముసురు. ఊరంతా దుప్పటి ముసుగేసుకుంటుంది. సరిగ్గా అప్పుడే కొందరికి కాళ్లు ఊరుకోవు. ఎండాకాలంలో ఏడు గంటలకే మాడ్చేసే కొండవాలు ఇప్పుడు చల్లగా, పచ్చగా, మట్టి వాసనతో పిలుస్తూ ఉంటుంది. మీరూ ఆ బాపతు మనుషులైతే, రోడ్డు మీద పరుగు అలవాటై కొండదోవ మీద కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లయితే, ఇది మీకోసం.

ముందే ఒక నియమం. మిగతా జాగ్రత్తలన్నీ దీని వెనకే వస్తాయి. ముసురులో, మంచులో కొత్త దోవ తొక్కొద్దు. పొడి రోజుల్లో కనీసం మూడుసార్లు పోయొచ్చిన దోవలోనే తడి రోజున అడుగు పెట్టండి. ఖరీదైన బూట్లు, జీపీఎస్ వాచీ, వానకోటు అన్నీ ఉండి దోవ తెలియని మనిషి కంటే, మామూలు బూట్లతో దోవ తెలిసిన మనిషి క్షేమంగా ఇల్లు చేరతాడు.

ఆ మంచు ఏ రకమో తేల్చుకోండి

మనం దేన్నైనా మంచు అనేస్తాం కానీ, పరుగెత్తేవాడి లెక్కలో అది రెండు రకాలు.

ఒకటి చెరువుల మీద, పొలాల మీద పరుచుకునేది. ఎక్కువగా డిసెంబరు చివర, జనవరిలో చూస్తాం. రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి కదలకపోతే నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. నేలకు ఆనుకున్న తేమగాలి మంచుగా మారుతుంది. ఇది పల్లంలో చిక్కగా, మిట్ట మీద పలచగా ఉంటుంది. ఎండ పడితే కరిగిపోతుంది. దీనికి మందు ఓపికే. టీ తాగి, ఎనిమిదిన్నరకో తొమ్మిదికో బయల్దేరండి.

రెండోది కొండ మీది మబ్బు. నిజానికి అది మంచు కాదు, మేఘమే. సముద్రం వైపు నుంచి తూర్పుగాలి తేమను మోసుకొచ్చి కొండకు కొట్టుకుని పైకి ఎక్కుతుంది, ఎక్కినకొద్దీ చల్లబడి మబ్బుగా మారి అక్కడే కూర్చుంటుంది. దీని వరస మొదటిదానికి తలకిందులు: కింద తేటగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ చిక్కబడుతుంది. సూర్యుడు వచ్చినా పోదు, ఆ తూర్పుగాలి ఆగాలి. తొమ్మిదిదాకా ఆగుదాం, పదిదాకా ఆగుదాం అని కూర్చుంటే సాయంత్రమవుతుంది. ఈ రకం కనిపించిన రోజు కొండ సగం దాకానే లెక్కేసుకోండి. మబ్బు అంచు ఎక్కడుందో అక్కడే మీ శిఖరం.

వాతావరణ శాఖ లెక్కలో చూపు ఆనే దూరం కిలోమీటరు లోపుకి పడిపోతే దాన్ని మంచు అంటారు, 200 మీటర్ల లోపైతే దట్టమైన మంచు, 50 లోపైతే అతి దట్టం. కొండదోవ మీద నా లెక్క ఇంకా ముతకది. ముందున్న రెండు కరెంటు స్తంభాలంత దూరం కనిపిస్తే పరుగు, ఒక స్తంభమంత కనిపిస్తే నడక, అదీ లేకపోతే వెనక్కి.

బయల్దేరే ముందు రాత్రి ఫోనులో రెండు చూడండి. వాతావరణ శాఖ హెచ్చరిక రంగు ఒకటి. నారింజో ఎరుపో ఉంటే ఇంట్లోనే తాడాట ఆడుకోండి, వాదన అనవసరం. రెండోది రాడార్ బొమ్మ. చెన్నై, శ్రీహరికోట డాప్లర్ రాడార్లు రెండూ మన ఆకాశాన్ని చూస్తూనే ఉంటాయి. పొద్దున ఐదు నిమిషాలు ఆ బొమ్మను చూస్తే సముద్రం వైపు నుంచి మబ్బుల గుంపు ఎంత దూరంలో ఉందో, ఎటు కదులుతోందో తెలుస్తుంది. ఫోను అంచనాల్లోని వానబొమ్మ కంటే నేను దీన్నే నమ్ముతాను.

ఎక్కడ పరుగెత్తాలి, ఎక్కడ కూడదు

శేషాచలం అడవుల్లో ఎక్కువ భాగం రిజర్వు ఫారెస్టు, అందులోనే శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు. అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. ఎర్రచందనం దొంగల కోసం రాత్రింబవళ్లు గస్తీ తిరిగే అడవి ఇది. చీకటితోనే నాలుగు గంటలకి, నెత్తిన లైటు, వీపున సంచి వేసుకుని, చెట్ల మధ్య పరుగెత్తే మనిషి గస్తీవాళ్లకి ఎలా కనిపిస్తాడో మీరే ఊహించుకోండి. ‘సార్, నేను రన్నర్‌ని’ అని ఆ చీకట్లో వివరించే అవస్థ పగవాడికి కూడా వద్దు.

అలిపిరి మెట్లదారి, శ్రీవారి మెట్టు సంగతి చాలామంది అడుగుతారు. అలిపిరిలో దాదాపు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో దాదాపు 2,400. కాళ్లకి కసరత్తే, కాదనను. కానీ అది మొక్కు తీర్చుకునేవాళ్ల దోవ. పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కే ముసలమ్మ పక్కనుంచి చెమటలు చిమ్ముతూ దూసుకుపోవడం నాకైతే మర్యాద అనిపించదు. పైగా నూనె, కర్పూరం, తడి కలిసిన రాతిమెట్టు మీద పట్టు సున్నా. మెట్లు ఎక్కండి, చెప్పులు విడిచి, గోవిందా అనుకుంటూ. పరుగు వేరే చోట పెట్టుకోండి.

ఆ వేరే చోట్లు మనకి కరువు లేదు. ఊరి పక్క గుట్టలు, చెరువు కట్టలు, పొలాల మధ్య డొంకదారులు, గుట్ట మీది గుడికి పోయే మట్టి బాటలు. పూతలపట్టు, పాకాల, పుత్తూరు ఎటు పోయినా ఒక గుట్ట, దాని మీద ఒక గుడి, గుడికి ఒక దోవ. మొదటి తడి సీజనులో ఐదారు కిలోమీటర్లు దాటని, ఊరి శబ్దం వినిపించే గుట్టనే ఎంచుకోండి. తలకోన లాంటి చోటుకి పోతే టికెట్టు తీసుకుని, వాళ్లు తెరిచిన దారిలోనే, వాళ్లు తెరిచిన వేళల్లోనే. పలమనేరు, కుప్పం వైపు అడవి అంచులు మాత్రం మంచులో వద్దే వద్దు. కౌండిన్య అభయారణ్యపు ఏనుగుల సీమ అది. మంచులో ఏనుగు ఇరవై అడుగుల దూరంలో ఉన్నా బండరాయి అనుకుంటారు.

పొడి రోజుల్లో చేసిపెట్టుకోవాల్సిన పని

తడి పరుగుకి తయారీ ఆగస్టు, సెప్టెంబరుల్లోనే మొదలవ్వాలి. మీ దోవ మీద మూడుసార్లు పొండి. మొదటిసారి నడక. గుర్తులు ఎంచుకోండి: కొమ్మ విరిగిన చింతచెట్టు, సున్నం కొట్టిన రాయి, పాముపుట్ట, పాడుబడ్డ మంటపం. రెండు గుర్తుల మధ్య వంద, నూటయాభై మీటర్లు మించకూడదు. రెండోసారి పరుగెత్తుతూ వాచీలోనో ఫోనులోనో దోవ గీత నమోదు చేసుకోండి. ఫోనైతే మ్యాపుని నెట్టు లేకుండా తెరుచుకునేలా దించుకోండి, కోనల్లో సిగ్నలు దేవుడి దయ. మూడోసారి తిరుగుదిశ మీద కన్నుపెట్టండి. చీలికలు వచ్చిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి చూడండి. పోయేటప్పుడు కనిపించే దోవ వేరు, వచ్చేటప్పుడు కనిపించే దోవ వేరు. మంచులో మనుషులు తప్పిపోయేది ఎక్కువగా తిరుగుప్రయాణంలోనే.

మన గుట్టల మీద ఒక ప్రత్యేకమైన మోసం ఉంది, గొర్రెలు తొక్కిన బాటలు. అసలు దోవలోంచి చీలి, అంతే వెడల్పుగా, అంతే నున్నగా వంద గజాలు పోయి పొదల్లో మాయమవుతాయి. పొడి రోజున అది తప్పని వెంటనే తెలుస్తుంది. మంచులో తెలిసేసరికి మూడు చీలికలు దాటిపోయి ఉంటారు. అలాంటి నోరు ఉన్నచోట అసలు దోవ వైపు మూడు రాళ్లు పేర్చి పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు తీసేయండి, ఇంకొకరికి అది తప్పు గుర్తు కాకూడదు.

ఒకసారి మా ఊరి గుట్ట మీద సరిగ్గా ఇలాంటి నోటి దగ్గరే తికమకపడి తిరుగుతుంటే, గోనెసంచి గొంగడిలా కప్పుకున్న గొర్రెలకాపరి తాత ఒకాయన చెట్టు కింద కూర్చుని నన్నే చూస్తున్నాడు. ‘ఏం నాయనా, గొర్లే బయటికి రాలేదు, నీకేంది ఈ పరుగు?’ అన్నాడు. దోవ అడిగితే చేత్తో చూపించి, ‘మబ్బు దిగినప్పుడు కాలు ఆడించకూడదు, నిలబడాల. అదే పోతాది’ అన్నాడు. ఆ తర్వాత నేను కొన్న వస్తువులేవీ ఆ మాటంత పనికి రాలేదు.

ఒంటి మీద ఏముండాలి

నూలు బనియన్ వద్దు. నూలు నీళ్లు పీల్చి ఒంటికి అతుక్కుని, ఆగిన నిమిషంలో చలి పుట్టిస్తుంది. తొందరగా ఆరే పాలిస్టరు చొక్కా చాలు. దాని మీద పలచటి గాలికోటు. మన ముసురులో అచ్చమైన వానకోటు వేసుకుని పరుగెత్తితే లోపల చెమటకే తడిసిపోతారు, ఎందుకంటే గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు చెమట ఆరదు. అందుకే కొండ ఎక్కేటప్పుడు కోటు నడుముకి, దిగేటప్పుడు ఒంటికి.

‘మన తిరుపతిలో చలేంటి?’ అని నవ్వేవాళ్లు ఉంటారు. నేనూ నవ్వినవాణ్ణే. తిరుమల ఊరికంటే ఏడెనిమిది వందల మీటర్లు ఎత్తు కాబట్టి నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటుంది. హార్సిలీ హిల్స్ ఇంకా ఎత్తు. కానీ చలి వచ్చేది ఎత్తువల్ల కంటే తడిబట్ట, గాలి, కదలకుండా నిలబడటం, ఈ మూడూ కలిసినప్పుడు. ఒక నవంబరులో పరుగు ముగించి, తడి బట్టలతో రోడ్డు పక్కన బస్సు కోసం ముప్పావుగంట నిలబడ్డాను. పరుగెత్తినంతసేపూ ఆవిర్లు కక్కిన ఒళ్లు, పది నిమిషాల్లో వణకడం మొదలుపెట్టింది. చివరికి ఫోను తెరవడానికి వేళ్లు సహకరించలేదు. అక్కడ టీ అంగడి పెద్దమ్మ కట్టెలపొయ్యి పక్కన కూర్చోబెట్టి, చక్కెర దండిగా వేసి టీ ఇచ్చింది. అప్పటినుంచి సంచిలో పొడి చొక్కా ఒకటి, పాలిథిన్ కవరులో గట్టిగా చుట్టి, ఎప్పుడూ ఉంటుంది. పరుగు ఆగగానే మార్చేస్తాను, ఎవరు చూసినా సరే. మీతో వచ్చినవాళ్లలో ఎవరికైనా వణుకు తగ్గక, మాట ముద్దముద్దగా వస్తే, జిప్పు పట్టుకోవడం రాకపోతే పరుగు అక్కడితో ఆపి ఆరబెట్టి, కప్పి, తీపి వేడిగా తాగించాలి. ‘ఇంకొంచెం పరుగెత్తితే వేడెక్కుతుంది’ అనుకోవద్దు.

బూట్లు: అడుగున 4 నుంచి 6 మిల్లీమీటర్ల పళ్లున్నవి. రోడ్డు బూట్లు తడిమట్టి మీద సబ్బుబిళ్లలే. నీళ్లు చొరని బూట్లు కొనమని అంగట్లో చెబుతారు. నా మాట వినండి, వద్దు. పైనుంచి నీళ్లు దిగితే అందులోనే నిలుస్తాయి. నీళ్లు వచ్చి, వచ్చినదారినే పోయే జాలిబూట్లే మన వైపు మంచివి. పాదాలకి, వేళ్ల సందుల్లో వేసలిన్ దట్టంగా పూసుకుంటే తడిసాక బొబ్బలు తక్కువ. మడమ లోపల ఆడకుండా పైకంతా దారం లాగి కట్టుకోండి.

కళ్లద్దాలవాళ్లకి ముందు అంచున్న టోపీ తప్పనిసరి. అద్దానికి లోపలివైపు సబ్బు పలచగా రాసి, గుడ్డతో పూర్తిగా తుడిచేస్తే ఆవిరి పట్టడం తగ్గుతుంది.

లైటు గురించి ఒక మాట. నెత్తి మీద కట్టుకున్న లైటు మంచులో పగవాడు. కంటికి దగ్గరగా ఉండటంతో మంచుబిందువుల మీద పడిన వెలుగు తిరిగి కళ్లలోకే కొడుతుంది, ముందు తెల్లటి గోడ ఒకటే కనిపిస్తుంది. లైటు తీసి చేత్తో నడుము దగ్గర పట్టుకోండి, వెలుగు తగ్గించండి, నేలకు వాల్చండి. రాళ్ల నీడలు లేచి నిలబడి దోవ కనిపిస్తుంది. లారీవాళ్లు మంచులో లైటు దించుకుని పోయేది ఇందుకే.

సంచిలో ఇంకా: ఈల, ఒక పెద్ద చెత్తసంచి (తల, చేతులు పట్టేలా చిల్లులు చేస్తే అదే అత్యవసరానికి కోటు), అర లీటరు నీళ్లు, ఒక ఓఆర్ఎస్ పొట్లం, బెల్లంతో చేసిన చెనిక్కాయల ఉంటలు నాలుగు. చలిలో దప్పిక తెలియదు, అయినా అరగంటకోసారి రెండు గుటకలు వేయండి. ఫోను తడిస్తే తెర వేలిమాట వినదు కాబట్టి, 112ని లాక్ తెర మీదనుంచే ఎలా పిలవాలో ఇంట్లోనే ఒకసారి చూసిపెట్టుకోండి.

అడుగు వేయడం

తడిదోవ మీద వేగం పెరిగేది కాలు చాచడంవల్ల కాదు, అడుగులు దగ్గరగా, గబగబా పడటంవల్ల. పాదం ఎప్పుడూ నడుము కిందే పడాలి. ముందుకు చాచి మడమ ఆనించారా, జారేది ఆ మడమే. మోచేతులు కాస్త ఎడంగా, కోడి రెక్కలు విప్పినట్టు ఉంచుకోండి, చూడటానికి బాగోదు, పడకుండా కాపాడుతుంది. చూపు రెండు మూడు మీటర్ల ముందు.

దిగుడులో అందరూ చేసే తప్పు వెనక్కి వాలడం. భయంతో ఒళ్లు వెనక్కి పోతుంది, బరువు మడమ మీదికి పోతుంది, వెంటనే వీపు నేలకి. మోకాళ్లు వంచి, బరువు పాదం మధ్యలో పెట్టి చిన్నచిన్న అడుగులతో దిగండి. మరీ నిటారుగా ఉంటే పక్కకి తిరిగి, మెట్లు దిగినట్టు నడవండి. పరుగుపందెం కాదు కదా.

ఇక రాయి. ఇదే మన కొండల అసలు పాఠం. శేషాచలం కొండల్లో ఎక్కువగా ఉండేది క్వార్ట్జైటు, ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి. పైన తిరుమలలోని శిలాతోరణం కూడా ఆ రాయే. అరిగిన చోట గాజులా నునుపు. చిత్తూరు వైపు పోతే గుండ్రటి గ్రానైటు రకం బండలు. ఇవి గరుకు, తడిసినా కొంత పట్టు ఇస్తాయి, ఒక్క చోట తప్ప. ఆ పెద్ద బండల మీద పైనుంచి కిందికి నల్లటి చారలు చూసే ఉంటారు. వాననీళ్లు జారేదారి అది. ఆ నలుపు పాచి జాతి సూక్ష్మజీవుల పూత. ఎండలో ఎండి బండలో కలిసిపోయినట్టుంటుంది, ఏమీ చేయదు. నాలుగు చినుకులు పడగానే బతికి జిగటగా మారుతుంది. ఒకసారి ఆ చార మీద కాలు పెట్టి, ఆరడుగులు కూర్చునే జారాను. వారం రోజులు బోర్లా పడుకుని నిద్ర. బండ దాటాల్సి వస్తే నల్లచారల మధ్య ఉండే బూడిదరంగు పట్టీ చూసుకుని దాటండి.

ఎర్రమట్టి గులకరాళ్లతో కలిసి ఉంటే మంచిదే. నల్లరేగడి, జిగటమట్టి ఉన్న డొంకల్లో మాత్రం బూటుకి కిలో మట్టి అంటుకుంటుంది. గట్టు మీది గడ్డి అంచున పోండి, మడిలోకి దిగి పైరు తొక్కొద్దు. రాలిన ఆకుల కింద ఏముందో తెలియదు, తడి వేరు మీద అడ్డంగా కాలు పెట్టొద్దు, దాటేయండి.

వంక వస్తే

పోయేటప్పుడు చీలమండ లోతు ఉన్న వంక, వచ్చేటప్పుడు నడుం లోతు కావచ్చు. మీ మీద చినుకు పడకపోయినా పై కొండల్లో కురిస్తే చాలు. తిరుపతి ఊళ్లోంచి తల ఎత్తి చూడండి: మాల్వాడి గుండం దగ్గర కొండ మీద తెల్ల పంచె ఆరేసినట్టు నీటిచార కనిపిస్తోందా? కపిలతీర్థం జలపాతం దండిగా దూకుతోందా? అయితే ఆ రోజు వంక ఉన్న దోవ అసలు ఎంచుకోవద్దు.

మధ్యలో చిక్కుకుంటే మూడు గుర్తులు. నీళ్ల రంగు తేట నుంచి ఎరుపుకి మారడం, పుల్లలు ఆకులు కొట్టుకురావడం, రాళ్లు దొర్లే గుడగుడ శబ్దం. ఏ ఒక్కటి కనిపించినా గట్టెక్కండి. మోకాలు దాటి పారే నీళ్లలో దిగొద్దు, అవతల ఇల్లు కనిపిస్తున్నా సరే. వాన ఆగితే చిన్న వంకలు సాధారణంగా గంటా రెండు గంటల్లో తగ్గుతాయి. మీ దగ్గర చెనిక్కాయల ఉంటలు ఎలాగూ ఉన్నాయి.

2021 నవంబరులో ఏమైందో ఊళ్లో అందరికీ గుర్తే. స్వర్ణముఖి పొంగింది, వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూసేశారు. మెట్లు కట్టిన దారే కొట్టుకుపోయినప్పుడు మట్టిబాట ఏపాటిది? పెద్దవాన వెలిసిన తర్వాత కూడా రెండు మూడు రోజులు నిటారు వాలుల కిందికి పోకండి. నాని వదులైన రాళ్లు వాన ఆగాక కూడా జారతాయి.

వెనక్కి తిరగడం, దోవ తప్పడం

పొడి రోజున దిగడానికి ఎక్కినదాంట్లో సగం టైము చాలు. తడి రోజున దిగడానికి ఎక్కినంత పడుతుంది. అందుకని రెండు గంటలు ఉంటే యాభై నిమిషాల దగ్గర తిరగండి, శిఖరం పది అడుగుల్లో ఉన్నా సరే. బయల్దేరే ముందే ఇంట్లో ఒకరికి చెప్పండి: ఫలానా గుట్ట, ఫలానా దోవ, ఇన్నింటికల్లా ఫోను చేస్తాను, చేయకపోతే ఎవరికి చెప్పాలి.

దోవ తప్పామన్న అనుమానం వస్తే తాత చెప్పిందే చేయండి. నిలబడండి. వెతుకుతూ పోయే ప్రతి అడుగూ తప్పుని పెంచుతుంది. పొడిచొక్కా వేసుకుని, ఏదైనా తిని, పది నిమిషాలు ఆగండి. మబ్బు ఒక్కోసారి తెరలా పక్కకి తొలిగి మళ్లీ మూసుకుంటుంది, ఆ అర నిమిషం చాలు. తర్వాత వాచీ గీత చూసుకుని, చివరగా గుర్తుపట్టిన చోటుకి వెనక్కి పోండి. అడ్డదారి వెతకొద్దు. గుడి మైకు, బస్సు హారను, పాకాల వైపు పోయే రైలు కూత వినిపిస్తే ఊరు ఎటుందో ఒక అంచనా వస్తుంది, అయితే మంచులో శబ్దం దిక్కు మార్చి వినిపిస్తుంది కాబట్టి దాన్నే పట్టుకుని పొదల్లో పడిపోవద్దు.

‘నీళ్ల వెంట పోతే ఊరు వస్తుంది’ అనే మాట విని ఉంటారు. మైదానంలో నిజం. శేషాచలంలో చావు. ఇక్కడ వంకలు కొండ అంచున నిట్టనిలువుగా దూకుతాయి, అందుకే మనకి ఇన్ని కోనలు, ఇన్ని గుండాలు. తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు. దాని పైనుంచి నీళ్ల వెంట నడుస్తూ వచ్చే మనిషికి ఆ అంచు మంచులో ఎక్కడ కనిపిస్తుంది?

సాయం కావాలంటే నిమిషంలో ఆరుసార్లు ఈల, ఒక నిమిషం ఆపి మళ్లీ ఆరు. గొంతు చించుకుని అరిస్తే పది నిమిషాల్లో గొంతు పోతుంది, ఈల పోదు.

పిడుగు, చిరుత

మెరుపు కనిపించాక సెకనుకొకటి చొప్పున అంకెలు లెక్కపెట్టండి. ముప్పై లోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. గుట్ట నెత్తిన, ఒంటరి చెట్టు కింద, పెద్ద బండకి ఆనుకుని ఉండకండి. దిగిపోయి ఊళ్లో పక్కా ఇంట్లో చేరండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకండి. దామిని అనే యాప్ దగ్గర్లో పిడుగుల జాడ చూపిస్తుంది. ఫోనులో ఉంచుకోండి.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపని చిరుత పొట్టన పెట్టుకున్న తర్వాత, భక్తులకి చేతికర్రలు ఇచ్చి గుంపులుగా పంపించారు. అడవి అంచున పరుగెత్తే మనం అంతకంటే జాగ్రత్తగా ఉండాలి. తెల్లవారకముందు, పొద్దు గూకాక వద్దు. మంచు కమ్మిన పొద్దు అడవికి ఇంకా రాత్రే. ముగ్గురికి తక్కువ కాకుండా, మాట్లాడుకుంటూ పోండి, చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు. ఎలుగుబంటి మనిషి మీద పడేది ఎక్కువగా ఉలిక్కిపడినప్పుడే, వానచప్పుడులో మన రాక దానికి వినిపించదు. చిరుత ఎదురైతే మాత్రం ఇన్నాళ్లు నేర్చుకున్న విద్య మర్చిపోండి. పరుగెత్తొద్దు. నిటారుగా నిలబడి, చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ, వెనక్కి తిరగకుండా మెల్లగా వెనకడుగులు వేయండి.

ఇంటికి వచ్చాక

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. మన ప్రాంతంలో అయిపోదు. వానలు, చలి నెలల్లో తిరుపతి, చిత్తూరు ఆసుపత్రులకి స్క్రబ్ టైఫస్ జ్వరాలు వస్తూనే ఉంటాయి. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లిలాంటి పురుగు పిల్లలు కుడితే వచ్చే జ్వరం ఇది. కుట్టింది తెలియదు, నొప్పి ఉండదు. దాదాపు పది రోజుల తర్వాత జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. కొందరికి కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది, అదీ చంకలో, గజ్జల్లో, నడుము పట్టీ కింద, ఎవరూ చూడని చోట. సమయానికి పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో తగ్గే జబ్బే, ముదరనిస్తే ప్రాణాల మీదికి వస్తుంది. కాబట్టి పరుగు మధ్యలో గడ్డిలో కూర్చోవద్దు, బట్టలు పొద మీద ఆరేయొద్దు, సాక్సు పొడుగువి వేసుకోండి. ఇల్లు చేరగానే బట్టలు వేడినీళ్లలో వేసి, సబ్బుతో రుద్ది స్నానం చేస్తూ మడతలన్నీ చూసుకోండి. మూడు వారాల లోపు జ్వరం వస్తే డాక్టరుతో ‘నేను గుట్టల్లో పరుగెత్తుతాను’ అని మీరే చెప్పండి. ఆయన అడగకపోవచ్చు.

గీరుకున్న గాయాలుంటే బురద పోయేదాకా పారే నీళ్లతో కడగండి, టీటీ ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు తెచ్చుకోండి.

బూట్లు మిగిలాయి. లోపలి అట్ట బయటికి తీసి, మట్టి కడిగి, పాత పేపర్లు ఉండచుట్టి కుక్కండి. రెండు గంటలకోసారి పేపరు మార్చాలి. ఎండ వచ్చింది కదా అని మిద్దె మీద పెట్టొద్దు, పొయ్యి పక్కన అసలే వద్దు, జిగురు వదిలి అడుగు ఊడుతుంది. ఫ్యాను గాలికి ఒక రాత్రి చాలు. మళ్లీ తొడుక్కునే ముందు తిరగేసి గట్టిగా దులపండి. తడి తగ్గిన చోటు వెతుక్కునేది మనం ఒక్కళ్లమే కాదు, తేళ్లు కూడా.